రైలు వెళ్తుంటే లేచి నిలబడే ఆవిడ

ఆవిడ రైళ్ళకు దండం పెట్టేదని మావాళ్ళు చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం.

పోయిన నెల ఆవిడ పోయిందన్న వార్త మా ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులోకి రాగానే వరసగా చేతులు జోడించిన బొమ్మలు పడ్డాయి. "రైలు కనిపిస్తే లేచి నిలబడి నమస్కరించే మహాతల్లి. తెల్లవాళ్ళలో కూడా మన సంస్కారం ఉన్నవాళ్ళుంటారనడానికి నిదర్శనం" అని ఒకాయన రాశాడు. మర్నాడు చర్చిలో సంతాపసభకి వెళ్తే మేయరుగారు ఇంకో కథ చెప్పారు. ఆవిడ రైళ్ళకి సెల్యూట్ చేసేదట. ఒంటిచేత్తో రైల్వే కంపెనీని ఓడించి మిల్లు వీధి గేటుని కాపాడిందట. రెండు కథలూ విని నేను నోరు మూసుకుని కూర్చున్నాను. మా ఆయన కంగారుపడి, "ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు.

ఒంట్లో బాగానే ఉంది. ఇప్పుడు చెప్తాను.

ఆవిడ చేసేది దండమూ కాదు, సెల్యూటూ కాదు. తనిఖీ. స్టేషను ముందు నుంచి రైలు వెళ్తుంటే అక్కడ పనిచేసే మనిషి లేచి నిలబడి, ఇంజిను నుంచి ఆఖరి పెట్టె దాకా చక్రాలూ ఇరుసులూ చూడాలి. ఎక్కడన్నా పొగ వస్తోందా, ఏదన్నా గొలుసు ఊడి నేలకి రాసుకుంటోందా, ఏ పెట్టె తలుపన్నా తెరుచుకుందా. అంతా బాగుంటే బండివాళ్ళకి చెయ్యెత్తి చూపించాలి. రైల్వేలో అది పాత పద్ధతి. ఆవిడ ఆ ఉద్యోగం మానేసి ఎన్నో ఏళ్ళయినా పద్ధతి మానలేదు. మాట మధ్యలో ఉన్నా, నోట్లో శాండ్‌విచ్ ఉన్నా సరే, లేచేది. గూడ్సు బండి నూరు పెట్టెలున్నా, నూట ఇరవై ఉన్నా, ఆఖరిది దాటేదాకా కళ్ళు చక్రాల మీదే. తర్వాత చెయ్యెత్తేది. ఆ చేతికి అర్థం ఒక్కటే: "బాగానే ఉంది, పో." తర్వాత కూర్చుని, ఆపిన మాట ఆపినచోటే అందుకునేది. మనమే మర్చిపోయి ఉంటాం, ఏం మాట్లాడుతున్నామో.

ఇక రైల్వే కంపెనీని ఓడించడం సంగతి. దానికి వస్తాను.

ఆవిడ పేరు ఇక్కడ రాయడం లేదు. "పేరు పెట్టి పిలువు" అని ఆవిడ నాతో ఎన్నిసార్లు అన్నదో లెక్కలేదు. మా అమ్మమ్మ వయసు మనిషిని పేరు పెట్టి పిలవడం నా వల్ల కాలేదు. నా నోటికి ఎదురులేదని ఊళ్ళో పేరు, అయినా ఆ ఒక్క పనీ మాత్రం అది చెయ్యనన్నది. మాలో పిల్లలందరూ 'డిపో ఆంటీ' అనేవారు. బతికుండగా పిలవని పేరు, పోయాక ఇప్పుడెందుకు?

మా ఊరు షికాగో దగ్గరి షామ్‌బర్గ్ నుంచి పడమరకి కారులో గంట. ఊరి మధ్యలోంచి పట్టాలు పోతాయి. ఉత్తరాన పాత ఊరు, బడి, లైబ్రరీ, మా ఇళ్ళ కాలనీ. దక్షిణాన కొత్తగా కాంట్రాక్టు ఉద్యోగాల మీద వచ్చేవాళ్ళుండే అపార్ట్‌మెంట్లు. అటూ ఇటూ దాటడానికి దారులు రెండే. ఒకటి చివర ఉన్న హైవే. దాని పక్కన నడవడానికి జానెడు చోటు లేదు. రెండోది మధ్యలో ఉన్న మిల్లు వీధి గేటు. ఆ గేటు పక్కనే పాత రైల్వే స్టేషను ఉంది, ఇక్కడివాళ్ళు డిపో అంటారు. ఇప్పుడక్కడ టిక్కెట్లివ్వరు, ప్రయాణికుల రైలూ రాదు. మ్యూజియం అని బోర్డు పెట్టారు. దాన్ని తెరిచేదీ, ఊడ్చేదీ, వచ్చినవాళ్ళతో దెబ్బలాడేదీ ఆవిడే.

నేను ఆవిడ దగ్గరికి మొదటిసారి వెళ్ళిందీ దెబ్బలాటకే. ఇల్లు కొన్నప్పుడు పట్టాలు చూశాం గానీ హారన్ వినలేదు. మేం చూడ్డానికి వచ్చిన ఆదివారం మధ్యాహ్నం ఒక్క బండి కూడా రాలేదు మరి. చేరిన వారంలో తెలిసింది, రోజూ తెల్లవారుజామున మంచం కిందనుంచి లేపినట్టు లేపుతుందని. మూడో వారం శనివారం డిపోకి వెళ్ళాను. ఆవిడ చాకుతో పెన్సిళ్ళు చెక్కుకుంటోంది.

"ఆ హారన్ అంత గట్టిగా ఎందుకు కొడతాడు?"

"ఎవరు?"

"ఆ డ్రైవరు."

"ఏ బండి? తూర్పుకి వెళ్ళేదా, పడమరకి వెళ్ళేదా?"

"నాకేం తెలుసు? పడుకుని ఉంటాను కదా."

"అయితే నువ్వు చూడలేదు" అని మళ్ళీ పెన్సిలు మీదకి వంగింది.

నాకు ఒళ్ళు మండింది. చూడడం కాదు, వినడం అని మొదలుపెట్టి ఐదు నిమిషాలు ఏకధాటిగా మాట్లాడాను. ఆవిడ అంతా విని, బల్ల మీద వేలితో కొట్టి చూపించింది. రెండు పొడుగు, ఒక పొట్టి, మళ్ళీ ఒక పొడుగు. ఆఖరి పొడుగు, ఇంజిను రోడ్డు మీదకి వచ్చేదాకా ఆగకూడదు.

"అది కేంద్రప్రభుత్వం పెట్టిన నియమం. అతనికి నీ మీద కోపమేమీ లేదు."

"నేను మంచం మీద ఉంటే నన్నెందుకు లేపడం?"

"హారన్ మంచం మీద ఉన్నవాళ్ళ కోసం కాదు" అంది ఆవిడ. "రోడ్డు మీద ఉన్నవాళ్ళ కోసం."

ఆ క్షణంలో సరైన జవాబు దొరక్క బయటికి వచ్చేశాను. నాకు సరైన జవాబు దొరకని సందర్భాలు తక్కువ. అందుకే వారం తిరక్కుండా మళ్ళీ వెళ్ళాను.

ఆ తర్వాత శనివారాలు వెళ్తూనే ఉన్నాను. స్నేహం అని ఆవిడా అనలేదు, నేనూ అనలేదు. వాదన అసంపూర్తిగా ఉందని వెళ్ళేదాన్ని. ఆవిడకి ఒక ఊతపదం ఉండేది: "ఎవరు చూశారు?" ఊరి చరిత్ర గురించి ఎవరు ఏం చెప్పినా అదే. ఇక్కడికి మొట్టమొదట రైలు వచ్చినప్పుడు మైలు దూరంలో ఉన్న పాత ఊరు ఊరంతటినీ దుంగల మీద పెట్టి ఎద్దులతో లాక్కొచ్చి పట్టాల పక్కన నిలబెట్టారని మా ఊళ్ళో గొప్పగా చెప్పుకుంటారు. బడి గోడ మీద బొమ్మ కూడా వేశారు. ఆవిడ ఆ బొమ్మ చూసినప్పుడల్లా మొహం చిట్లించేది. "ఏడు ఇళ్ళు, ఒక సారాకొట్టు. అంతే. చర్చి రాలేదు. చర్చివాళ్ళు అలిగి నాలుగేళ్ళు అక్కడే కూర్చున్నారు. బొమ్మలో చర్చి ముందు వరసలో ఉంది. ఎవరు చూశారు?"

ఒక్కసారి మాత్రం నేను ఆవిడని ఆశ్చర్యపరిచాను. మా ఊరి పాత వీధులు దిక్కులకి సరిగ్గా ఉండవు. పట్టాలు ఆగ్నేయం నుంచి వాయవ్యానికి పోతాయి, వీధులన్నీ వాటికి సమాంతరంగా గీశారు. తూర్పు ముఖం ఇల్లు కావాలని వచ్చే మావాళ్ళు ఫోనులో దిక్సూచి పెట్టుకుని ఇళ్ళ ముందు గుండ్రంగా తిరుగుతుంటారు. ఇళ్ళమ్మేవాళ్ళకి అదేమిటో అర్థం కాదు. ఈ వంకరకి కారణమేమిటని నేనడిగితే ఆవిడ పెన్సిలు కింద పెట్టింది. "నా జన్మలో ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. మీవాళ్ళు దిక్సూచి పట్టుకుని చూస్తారా? నిజంగా?" లోపలికెళ్ళి, ఊరికి గీసిన మొట్టమొదటి పటం తెచ్చి పరిచింది. ఏ మూల ఏముండాలో నన్నడిగి రాసుకుంది. ఆగ్నేయంలో వంటిల్లు అనగానే లేచి, డిపోలో బొగ్గుల పొయ్యి ఉన్న మూల దగ్గర నిలబడి, నా ఫోను తీసుకుని చూసింది.

"ఆగ్నేయం" అంది, పరీక్ష ప్యాసైన పిల్లలా. "మా నాన్న పెట్టించాడు."

మనిషి నచ్చిందని నా పోరు మానేస్తానా? హారన్ మోగుతూనే ఉంది. నా అంతట నేను వెతికితే తెలిసింది, ఊరివాళ్ళు గేట్ల దగ్గర తగినంత భద్రత చూపిస్తే హారన్ కొట్టకుండా మినహాయింపు అడగవచ్చని. మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళాను. వాళ్ళు ప్రతిపాదన తయారుచేస్తాం, జనం కోరుతున్నారని సంతకాలు తెమ్మన్నారు. ఆరు పేజీల ప్రతిపాదన వచ్చింది. మొదటి పేజీలో 'ప్రశాంతత' అనే మాట నాలుగుసార్లు ఉంది. అక్కడితో నా మనసు నిండిపోయింది.

సంతకాలు ఎక్కడ దొరుకుతాయి? ఉగాదికి ఇంటికో వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో. బడి భోజనశాలలో పులిహోర ట్రే పక్కన నిలబడి, వచ్చినవాళ్ళకి వచ్చినట్టు ఒక చేత్తో ప్లేటు, ఒక చేత్తో పెన్ను ఇచ్చాను. గులాబ్ జామూన్ దాకా వెళ్ళేసరికి అందరూ సంతకాలు పెట్టేశారు. ఒక్కరు కూడా ఇదేమిటని అడగలేదు. మావాళ్ళంతే. బ్యాంకు కాగితమైతే లాయరుకి చూపిస్తారు, తెలిసిన అక్క ఇచ్చిన కాగితమైతే కళ్ళు మూసుకుని పెడతారు. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇరవై ఏళ్ళుగా పరాయివాళ్ళు రాసినదాంట్లో తప్పులు పట్టి జీతం తీసుకుంటున్నాను. ఆ ఆరు పేజీల్లో నేను చదివింది ఒకటి.

రెండు వారాలకి, ఆదివారం పొద్దున, ఆవిడ మా గుమ్మంలో ఉంది. ఎప్పుడూ ఎవరింటికీ వెళ్ళని మనిషి. చేతిలో ఆ ప్రతిపాదన నకలు. మా ఆయన సోఫా చూపించాడు. ఆవిడ కూర్చోలేదు.

"నాలుగో పేజీ చదివావా?"

"చదివాను."

"ఏముంది అందులో?"

"కాఫీ తీసుకుంటారా?"

"తర్వాత. ముందు చదువు. పైకి."

మా ఆయన ముందు, నా ఇంట్లో, బడిపిల్లలా పైకి చదివాను. ఒక గేటు తగ్గితే ప్రమాదాలు తగ్గుతాయి కాబట్టి, భద్రతా చర్య కింద మిల్లు వీధి గేటు శాశ్వతంగా మూసివేయబడును. వాహనాలు హైవే మీదుగా వెళ్ళవచ్చు. ఈ గేటు వద్ద కాలినడకన దాటేవారు నామమాత్రం.

అంతదాకా వచ్చి ఆగిపోయాను. ఎందుకంటే మా వంటింటి కిటికీలోంచి నాకు రోజూ కనబడే మనిషి ఒకామె ఉంది. శ్రావణి. అపార్ట్‌మెంట్లలో ఉంటుంది, కరీంనగర్ పిల్ల, వచ్చి ఏడాది కాలేదు. చిన్నవాణ్ణి స్ట్రోలర్‌లో కూర్చోబెట్టి తోసుకుంటూ, ఐదేళ్ళ కూతుర్ని నడిపించుకుంటూ, రోజూ పొద్దున ఆ గేటు దాటి బడికి వెళ్తుంది.

"నామమాత్రం" అని ఆవిడ ఆ మాటని తిప్పి పలికింది. "ఎవరు చూశారు?"

సరిగ్గా అప్పుడే పడమర బండి వచ్చింది. ఆవిడ మా కిటికీ దగ్గరికి వెళ్ళి, ఆఖరి పెట్టె దాకా చూసి, చెయ్యెత్తింది. మా ఇంట్లోంచి ఆ చెయ్యి ఇంజినులో వాళ్ళకి కనబడదు. అయినా ఎత్తింది. తర్వాత నావైపు తిరిగి, "రేపు సోమవారం. ఏడింటికి మడతకుర్చీ తెచ్చుకో" అంది.

రైలు కంపెనీ గేటు మూయాలన్నా, ఊరు మూయాలన్నా రాష్ట్ర కమిషన్ ఒప్పుకోవాలి. కమిషన్ విచారణ పెడుతుంది. విచారణలో ఎవరైనా మాట్లాడవచ్చు, కాగితం ఇవ్వవచ్చు. ఏ దేశం పాస్‌పోర్టని అడగరు. ఆ సంగతి ఊళ్ళో తెలిసింది ఆవిడ ఒక్కదానికే. ఐదు రోజులు, ఏడు నుంచి తొమ్మిది దాకా, గేటు దాటేవాళ్ళని లెక్కపెట్టి రాయాలన్నది ఆవిడ నిర్ణయం. కాగితం మీద గీతలు స్కేలుతో గీసుకొచ్చింది. సమయం, ఎటువైపు, నడకా సైకిలా స్ట్రోలరా, అప్పుడు బండి అడ్డంగా ఉందా లేదా. చేతి గడియారం మణికట్టు లోపలివైపుకి తిప్పి పెట్టుకునేది. నిమిషం మొదలయ్యేదాకా పెన్సిలు ఆనించేది కాదు.

మొదటి రోజే చీవాట్లు తిన్నాను. నేను 'పాపం ఒక తల్లి పిల్లలతో చలిలో అవస్థపడుతూ' అని రాశాను. ఆవిడ నా కాగితం లాక్కుని రబ్బరుతో తుడిచేసింది.

"అవస్థపడుతోందని ఎలా తెలుసు? అడిగావా?"

"చూస్తుంటే తెలియడం లేదా?"

"చూస్తుంటే తెలిసేది ఇంతే. స్త్రీ, స్ట్రోలర్, వెంట ఒక పిల్ల, ఉత్తరం వైపు. రంగులు వద్దు, జాలి వద్దు. జాలి రాస్తే అవతలి లాయరు దాన్ని పట్టుకుని మొత్తం కాగితం అవతల పారేస్తాడు."

ఈలోగా శ్రావణి మా దగ్గరికి వచ్చింది.

"ఏందక్కా, పొద్దుపొద్దున్నే గీడ కుర్చీలేసుకొని కూసున్నరు?"

"నిన్ను లెక్కపెడుతున్నాం. ఈ దారి మూసేస్తామంటున్నారు."

"అయ్యో! మూస్తే నేనెట్ల పోవాలె? నాకు లైసెన్స్ లేదు. ఉన్న ఒక్క కారు ఆయన ఆఫీస్‌కి తీస్కపోతడు. ఎవలక్కా మూసేది?"

ఎంత నోరున్నా కొన్ని వాక్యాలు బయటికి రావడం కష్టం. "నేనే" అన్నాను. "నువ్వు కూడా. సంతకం పెట్టావు కదా, ఉగాదికి."

"అది పిల్లల డాన్స్ ప్రోగ్రాం లిస్ట్ గాదా?"

"కాదు."

"పులిహోర చేతిల పెట్టి సంతకం అడిగితివి. చేయి ఖాళీ లేదక్కా, సంకల పిల్లగాడు. నేనేడ చదువుత?" అని, స్ట్రోలర్ ముందుకి తోస్తూ, "మంచిగ జేసినవక్కా" అంది. ఆ మాటకి నేను ఇప్పటికీ తల దించుకుంటాను.

ఆవిడ, "ఏమంటోంది?" అని అడిగింది. ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను, పులిహోరతో సహా. ఆవిడ నవ్వడం నేను చూసింది అదే మొదలు. పెద్ద నవ్వు, దగ్గులా మొదలై ఆగనిది. నవ్వుతూనే గడియారం చూసి రాసుకుంది.

ఆ వారంలోనే, బుధవారం అనుకుంటాను, నేను ఊరికే ఉండలేక అడిగాను. ఒకప్పుడు ఇక్కడ ఆగే ప్రయాణికుల రైలు ఎందుకు పోయిందని. కార్లొచ్చాయి, రోడ్లొచ్చాయి అని అందరూ చెప్పేదే చెప్తుందనుకున్నాను.

"నా వల్ల" అంది.

అప్పుడావిడకి ఇరవై రెండేళ్ళు. డిపోలో గుమాస్తా. కంపెనీకి ఆ రైలు తీసెయ్యాలని ఉంది. తీసెయ్యాలంటే అప్పట్లోనూ ప్రభుత్వం అనుమతి కావాలి. జనం ఎక్కడం లేదని చూపించాలి. రోజూ ఎంతమంది ఎక్కుతున్నారో రాయమని ఈవిడకి పని చెప్పారు. రాసింది. రోజుకి ఇద్దరు. ఒక్కోరోజు ఒక్కరు. ఆ కాగితాలే విచారణలో పెట్టారు. రైలు పోయింది.

"లెక్క తప్పా?" అన్నాను.

"లెక్క ఎందుకు తప్పుతుంది? నేను రాశాను" అంది కోపంగా. మళ్ళీ తనే చెప్పింది. "అంతకు ముందు ఏడాదే వాళ్ళు రైలు వేళ మార్చారు. షికాగో ఆఫీసులు తెరిచాక చేరేది, మూయకముందే బయల్దేరేది. ఇంకెవరు ఎక్కుతారు? అది నాకు తెలుసు. విచారణలో ఎంతమంది అనే అడిగారు. ఎందుకని ఎవరూ అడగలేదు. అడగనిదానికి జవాబు చెప్పకూడదని నాకు నేర్పారు."

తర్వాత పెన్సిలు చెవి వెనక పెట్టుకుని, "ఆ ఇద్దరిలో ఒకరు మా అమ్మ" అంది. "పక్క ఊళ్ళో ఉన్న తన చెల్లెలి దగ్గరికి వెళ్ళేది. రైలు పోయాక ఏడాది దాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు."

నేను నా మడతకుర్చీని ఆవిడ కుర్చీ పక్కకి జరుపుకున్నాను.

గురువారం వాన. ఎనిమిదింటికి నాకు ఆఫీసు మీటింగు ఉండడంతో పది నిమిషాల ముందే లేచి వచ్చేశాను. ఆవిడ ప్లాస్టిక్ కోటు వేసుకుని, కాగితం మీద ఇంకో ప్లాస్టిక్ కవరు కప్పుకుని అక్కడే ఉంది. శుక్రవారం మళ్ళీ ఇద్దరం కూర్చున్నాం. శ్రావణి వచ్చింది, వెళ్ళింది. లెక్క పూర్తయింది.

విచారణ జూన్‌లో, టౌన్ హాల్లో. కమిషన్ నుంచి వచ్చిన విచారణాధికారి ఒకావిడ, కంపెనీ తరఫున ఒక కుర్ర లాయరు, మంచి మర్యాదస్తుడు. హాలు నిండా మా కాలనీవాళ్ళు. మొదట నన్ను పిలిచారు, సంతకాలు తెచ్చినదాన్ని కనుక. లేచి, "ఈ సంతకాలు పెట్టినవాళ్ళు దీన్ని చదవలేదు. పెట్టించిన నేనూ చదవలేదు. వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాను. ఇంత చిన్న ఉపన్యాసం నేను జన్మలో ఇవ్వలేదు.

వెనక వరసలోంచి మా వీధి పెద్దాయన తెలుగులోనే అందుకున్నాడు. "ఏంటమ్మా ఇది? సంతకాలు పెట్టించిందీ మీరే, తీసెయ్యమనేదీ మీరే. మేమేమన్నా పిచ్చోళ్ళమా?"

"కాదండీ. చదవనివాళ్ళం. అందరికంటే ముందు నేను."

"మరి మా నిద్ర?"

"నాదీ పోతుంది కదండీ."

శ్రావణి ఆఖరి వరసలో కూర్చుని ఉంది. లేచి ఒక్క మాట చెప్పమని నేను సైగ చేశాను. తల అడ్డంగా ఊపింది. పక్కకి వెళ్ళి గట్టిగా అడిగాను. "అక్కా, ఆయన వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌ల ఉంది. గవర్నమెంట్ రికార్డ్‌ల నా పేరెక్కితే ఏమన్న అయితదేమో. నాకు భయమైతుంది" అంది. ఏమీ కాదు, నేను చెప్తున్నా కదా అని ఇంకా గొంతు పెంచబోతుంటే, తెలుగు రాకపోయినా సంగతి పోల్చుకుని డిపో ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. "నీ కాగితం మీద ఇదివరకు ఒకసారి సంతకం పెట్టింది, నువ్వు చెప్పావనే" అంది. నేను వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాను, శ్రావణి ఇంటికి వెళ్ళిపోయింది.

అందుకని లెక్క కాగితాలతో ఆవిడ ఒక్కతే నిలబడింది. లాయరు మెత్తగా అడిగాడు. "ఇందులో పేర్లు లేవు. స్ట్రోలర్‌తో స్త్రీ అని రోజూ ఉంది. ఎవరీమె? ఒక్క మనిషేనా?"

"పేరు అడగలేదు. ఒక్క మనిషే కావచ్చు."

"ఒక్క మనిషి కోసం గేటు ఉంచాలా?"

"ఎంతమంది అని అడుగుతున్నారు. ఎందుకని కూడా అడగండి" అంది ఆవిడ. "సరదాకి నడిచే మనిషి అయితే వాన రోజు రాదు. గురువారం కాగితం చూడండి. రోజంతా వాన. ఆ రోజు కూడా ఉంది."

లాయరు చూశాడు. అధికారిణి కాగితం తీసుకుని తనూ చూసి, ఏదో రాసుకుంది.

ఆకులు రాలే కాలానికి ఉత్తర్వు వచ్చింది. గేటు మూయడానికి కమిషన్ ఒప్పుకోలేదు. వాన రోజున కూడా చిన్నపిల్లలతో ఈ దారినే దాటుతున్నారంటే వాళ్ళకి వేరే దారి లేదని భావించవలసి వస్తోంది అని ఉంది అందులో. గేటు ఉంది కనుక హారన్ కూడా ఉంది. మేయరుగారు చెప్పినట్టు కంపెనీ ఓడిపోయిందా? ఓడలేదు. అంత పెద్ద కంపెనీకి మా గేటు కంట్లో నలకపాటి కూడా కాదు. ఇప్పటికీ వాళ్ళ బండి అర్ధగంట సేపు రోడ్డుకి అడ్డంగా నిలబడితే ఊరు ఏమీ చెయ్యలేదు, ఆ అధికారం ఊరికి లేదు. ఆ లాయరు విచారణ అయ్యాక డిపోలో ఆవిడ చేతి కాఫీ తాగి మరీ వెళ్ళాడు. గేటు ఒక్కటి మిగిలింది. శ్రావణి లైసెన్సు తెచ్చుకునేదాకా, ఇంకో ఏడాదిన్నర, ఆ దారినే పిల్లలతో నడిచింది. కథ అంతే.

అంతే అనుకున్నాను, పోయిన వారం దాకా.

డిపో కాగితాలు సర్దడానికి మనుషులు కావాలంటే నేను వెళ్ళాను, శ్రావణి తన కారులో వచ్చింది. ఆవిడ సొరుగులో మా ఐదు రోజుల కాగితాలూ పిన్ను కొట్టి ఉన్నాయి. శ్రావణి తన వరసలు వెతుక్కుంటూ మురిసిపోతోంది. "సోమవారం నేనే. మంగళవారం నేనే..." అని గురువారం దగ్గర ఆగింది.

"ఇది నేను గాదక్కా."

"నువ్వు కాకపోతే ఇంకెవరు? స్ట్రోలర్ అని ఉంది కదా."

"ఈ తారీఖు నా బర్త్‌డే. ఎట్ల మర్చిపోత? రాత్రి సంది పాపకు చెవి నొప్పి, జరం. పొద్దున్నే ఆయన లీవ్ పెట్టి మమ్మల్ని డాక్టర్ దగ్గరికి తీస్కపోయిండు. ఆ రోజు నేను గేటు దిక్కే రాలె."

ఆ వరస మళ్ళీ చదివాను. ఎనిమిది గంటల పదకొండు నిమిషాలు. ఉత్తరం. స్త్రీ, స్ట్రోలర్. పసుపుపచ్చ గొడుగు. బండి లేదు.

పసుపుపచ్చ గొడుగు! ఐదు రోజుల కాగితాల్లో ఇంకెక్కడా రంగు లేదు. నేను రంగు రాస్తే రబ్బరు పెట్టి తుడిచిన మనిషి. అప్పట్నుంచీ నాలో నేనే రెండు పక్షాలా వాదించుకుంటున్నాను. చూడనిది రాసే మనిషే అయితే, ఇరవై రెండేళ్ళప్పుడే ఇద్దరిని పదిమంది చేసి రైలు నిలబెట్టుకునేది, తల్లి మాట పోగొట్టుకునేది కాదు. మరి నిజంగా చూసిందే అయితే, ఆ గొడుగు రంగు ఎందుకు రాయాల్సి వచ్చింది? శ్రావణి కానిదెవరో ఆ వానలో వచ్చేసరికి ఆశ్చర్యపోయి రాసిందా? లేక అబద్ధం రాయడం అలవాటు లేక, మొదటిసారి రాసినవాళ్ళలాగా ఒక వివరం ఎక్కువ పెట్టిందా? రెంటిలో ఏది నిజమైనా ఆవిడ మీద నా ప్రేమ తగ్గదు. అయినా నాకు తెలియాలి. ఊరుకోవడం నా వల్ల కాదు.

అపార్ట్‌మెంట్లలో అడిగాను. అప్పట్లో ఉన్నవాళ్ళు సగం మంది డల్లాస్‌కో ఫీనిక్స్‌కో ప్రాజెక్టులు మారి వెళ్ళిపోయారు. గ్రూపులో పెడితే మళ్ళీ చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. ఆ వసంతంలో మా ఊళ్ళో పట్టాలకి దక్షిణాన ఉండి, ఒక వాన గురువారం పొద్దున పసుపుపచ్చ గొడుగు వేసుకుని, స్ట్రోలర్ తోసుకుంటూ మిల్లు వీధి గేటు దాటి వెళ్ళారా? ప్లాస్టిక్ కోటు వేసుకున్న ఒక ముసలావిడ మడతకుర్చీలోంచి మిమ్మల్ని చూసి గడియారం చూసుకుందా?

అమ్మా, మీరు ఉన్నారా?